రొయ్యల ప్లాంటుకి నెట్‌వర్క్ ట్రాఫిక్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్: ఏది తీసుకోవాలి?

ప్లాంట్_ఐటీ_భీమవరం | సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారమండి. మాది భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్, ఎగుమతి సంస్థ. ఐటీ పనంతా చూసేది నేనొక్కణ్ణే. ఆఫీసులో 45 కంప్యూటర్లు, ప్యాకింగ్ లైన్ దగ్గర ఇంకో 12, సీసీ కెమెరాలు 60 దాకా, బయోమెట్రిక్ మెషీన్లు, కోల్డ్ స్టోరేజీ టెంపరేచర్ కంట్రోలర్లు ఉన్నాయి. 100 ఎంబీపీఎస్ లీజ్డ్ లైను ఒకటి, అది పోతే వాడుకోడానికి బ్రాడ్‌బ్యాండ్ ఒకటి.

పోయిన నెల మా విదేశీ బయ్యర్‌కి మా పేరు మీదే ఒక మెయిల్ వెళ్లింది. బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు ఇందులో వెయ్యండి అని. ఇన్వాయిస్ నంబరు, కంటైనర్ నంబరు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయనకి అనుమానం వచ్చి ఫోన్ చేశాడు కాబట్టి ఆగింది, లేకపోతే ఒక కంటైనర్ సరుకు డబ్బు పోయేది. అప్పటి నుంచి మా ఎండీ గారు "నెట్‌వర్క్‌లో ఏం జరుగుతోందో కనిపించే సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి నెలాఖరుకల్లా పెట్టు" అంటున్నారు.

మూడు కొటేషన్లు వచ్చాయి. ఒకరు పీఆర్‌టీజీ, ఒకరు మేనేజ్‌ఇంజిన్ నెట్‌ఫ్లో అనలైజర్, మూడో ఆయన "ఏఐతో అంతా అదే చూసుకుంటుంది" అనే పెట్టె. అన్నిటికన్నా ఖరీదు ఆ పెట్టెదే. ఏది తీసుకోమంటారండి?

---

రూటర్_రాజమండ్రి | సోమవారం, ఉదయం 10:50

నమస్తే అండి. పేర్ల సంగతి తర్వాత, ముందు రెండు విషయాలు చెప్పండి. రూటర్ ఏది, ఫైర్‌వాల్ ఏది? స్విచ్‌లు మేనేజ్డ్ రకమా (సెట్టింగులు మార్చుకోగలిగేవి), మామూలువా? వీటిని బట్టే మీకు ఏ డేటా దొరుకుతుందో తేలుతుంది. దొరకని డేటాని ఏ సాఫ్ట్‌వేరూ చూపించలేదు.

---

ఎస్ఓసీ_నైట్‌షిఫ్ట్ | సోమవారం, ఉదయం 11:35

అన్నా, అంతకన్నా ముందు నాది ఒక్క మాట. నేను హైదరాబాద్‌ల ఎస్ఓసీల (కంపెనీల నెట్‌వర్క్‌లకు రాత్రింబగళ్లు కాపలా కాసే సెంటర్) పని చేస్తున్న. మీరు చెప్పిన కథ మాకు వారానికి ఒకసారన్నా వస్తది. మీ మెయిల్ ఎక్కడున్నది? మీ ఆఫీసు సర్వర్‌లనా, క్లౌడ్‌లనా?

క్లౌడ్‌ల ఉంటే, దొంగ మీ నెట్‌వర్క్‌లకు రానే రాలేదు. ఎవరిదో పాస్‌వర్డ్ దొరకవట్టుకొని, ఎక్కడో కూసొని నేరుగా మెయిల్‌బాక్స్‌లకు వోయిండు. మీ లీజ్డ్ లైను మీద ఒక్క ప్యాకెట్ కూడా వోలేదు. మూడు కొటేషన్లల్ల ఏది కొన్నా గది కనిపించదు.

ఇయ్యాలనే చేయవలసిన పని: ఎక్స్‌పోర్ట్, అకౌంట్స్ వాళ్ల మెయిల్‌బాక్స్‌లల్ల ఫార్వర్డింగ్ రూల్స్ చూడండి. లాగిన్ హిస్టరీల వేరే దేశం కనిపిస్తుందా చూడండి. అందరి పాస్‌వర్డ్‌లు మార్చి, పాత సెషన్లు అన్నీ లాగౌట్ చేయించి, రెండో అంచె ధ్రువీకరణ పెట్టండి. ఎప్పుడన్నా డబ్బు నిజంగనే పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలె. ఎంత జల్ది చేస్తే ఆ ఖాతాను ఆపేందుకు అంత అవకాశం ఉంటది.

---

ప్లాంట్_ఐటీ_భీమవరం | సోమవారం, సాయంత్రం 6:20

చాలా థ్యాంక్స్ అండి. మెయిల్ క్లౌడ్‌లోనే ఉంది. మీరు చెప్పగానే కూర్చుని ఒక్కో మెయిల్‌బాక్స్ చూశాను. ఎక్స్‌పోర్ట్ సెక్షన్‌లో ఒకరి దాంట్లో రూల్ దొరికింది. "ఇన్వాయిస్" అనే మాట ఉన్న ప్రతి మెయిలూ బయటి అడ్రసుకి ఒక కాపీ వెళ్తోంది. పెట్టి రెండు నెలలు దాటింది. చూసేసరికి చేతులు చల్లబడ్డాయి.

రూల్ తీసేశాను (ముందు స్క్రీన్‌షాట్లు తీసుకున్నాను), పాస్‌వర్డ్‌లు మార్పించాను, రెండో అంచె పెట్టాను. ఎండీ గారికి చెప్తే ఒకటే ప్రశ్న వేశారు: "అయితే ఆ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదా?" ఏం చెప్పమంటారు?

రాజమండ్రి వారికి: రూటర్ మైక్రోటిక్. ఫైర్‌వాల్ ఉంది కానీ లైసెన్సు అయిపోయి ఏడాది అయింది. స్విచ్‌లు తొమ్మిది, అన్నీ మామూలువే.

---

ఎస్ఓసీ_నైట్‌షిఫ్ట్ | సోమవారం, రాత్రి 9:05

అక్కరుంటది. మెయిల్ దొంగతనం ఒక దారి, గంతే. మా హైదరాబాద్ సంగతే చెప్త. 2022 జనవరిల ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకుల 12 కోట్ల 48 లక్షలు కొట్టేసిన్రు. అంతకుముందు నవంబర్‌లనే ఉద్యోగులకు మోసపు మెయిళ్లు వచ్చినయి. వాటిని తెరిచిన కంప్యూటర్లకు దూరం నుంచి నడిపించే ట్రోజన్ ఎక్కింది. అంటే రెండు నెలలు వాడు లోపల్నే ఉన్నడు. ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు, ఆడికెల్లి డేటాబేస్‌కు. ఆ రెండు నెలల నడకంతా నెట్‌వర్క్ మీదనే జరుగుతది. చూసెటోడు ఉంటే కనిపిస్తది.

మీకాడ కూడా ఒక ప్యాకింగ్ లైను కంప్యూటర్‌కు రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళమేసి పైసలడిగే వైరస్) ఎక్కితే, అది పక్క కంప్యూటర్ల 445 పోర్టు (విండోస్‌ల ఫైళ్లు పంచుకునే దారి) తలుపు తట్టుకుంట పోతది. 2017 మేల వాన్నాక్రై గిట్లనే పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దానికి దొరికినయి. ఒక్క మెషీన్ నిమిషంల 50 మెషీన్లను పలకరిస్తే గది మనిషి చేసే పని కాదు. ఈ ఒక్క అలర్ట్ కోసం పైసలు పెట్టొచ్చు.

---

రూటర్_రాజమండ్రి | మంగళవారం, ఉదయం 8:40

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకి వస్తానండి. "ట్రాఫిక్ మానిటరింగ్" అని ఒకే పేరు పెట్టి మూడు వేర్వేరు సరుకులు అమ్ముతున్నారు.

మొదటిది ఎస్ఎన్ఎంపీ, అంటే పరికరాలనే అడిగి లెక్కలు తెచ్చుకునే పద్ధతి. ఏ పోర్టులో ఎంత పారింది అని మాత్రమే చెబుతుంది, కాలవ లాకు దగ్గర నీటి కొలత లాగా. పీఆర్‌టీజీకి అసలు బలం ఇక్కడ. లింకు పడిపోయినా, స్విచ్ వేడెక్కినా, లైను నిండిపోయినా వెంటనే తెలుస్తుంది. 100 సెన్సర్ల దాకా ఉచితం. కానీ ఒక్కో కొలతా ఒక్కో సెన్సర్ కింద లెక్క కాబట్టి, 24 పోర్టుల స్విచ్‌లు నాలుగు పెడితే ఆ 100 దాదాపు అయిపోయినట్టే.

రెండోది ఫ్లో. సిస్కో 1996లో నెట్‌ఫ్లో అని మొదలుపెట్టింది, తర్వాత దాని తొమ్మిదో వెర్షన్ మీదే ఐపీఫిక్స్ అనే ప్రమాణం వచ్చింది. ఎవరు, ఎవరితో, ఏ పోర్టులో, ఎంతసేపు, ఎన్ని బైట్లు అనేదే ఇందులో ఉంటుంది. లోపల ఏముందో ఉండదు. మూడోది ప్యాకెట్ మొత్తాన్ని తెరిచి చూడటం. వైర్‌షార్క్, సురికాటా, జీక్ అన్నీ ఆ కోవవి.

మీరు రొయ్యల వాళ్లు కాబట్టి ఇలా చెబితే ఎండీ గారికి ఇట్టే అర్థమవుతుంది. మేత తింటున్నాయా లేదా అని చూడ్డానికి చెరువంతా తోడేయరు కదా, చెక్ ట్రే ఎత్తి చూస్తారు. ఫ్లో అంటే చెక్ ట్రే. తేడా కనపడ్డ చోట మాత్రం వల వెయ్యాలి.

మీ మైక్రోటిక్‌లో "ట్రాఫిక్ ఫ్లో" అని ఇప్పటికే ఉంది. రూపాయి ఖర్చు లేదు. వెర్షన్ 5 మాత్రం పెట్టకండి, దాంట్లో ఐపీవీ6 (కొత్త రకం ఇంటర్నెట్ అడ్రసులు) కనిపించదు. 9 గాని ఐపీఫిక్స్ గాని పెట్టండి.

---

ఓపెన్‌సోర్స్_వరంగల్ | మంగళవారం, ఉదయం 9:30

రూటర్ గారితో ఏకీభవిస్తున్నా. కొనే ముందు ఈ లెక్క ఒకసారి చూడండి. 100 ఎంబీపీఎస్ లైను నిండుగా నడిస్తే సెకనుకు 12.5 మెగాబైట్లు. రోజుకి 1.08 టెరాబైట్లు. ప్యాకెట్లన్నీ ఆర్నెల్లు, అంటే 180 రోజులు దాచాలంటే 194 టెరాబైట్లు. మీ లైను మూడో వంతే నిండుతుందనుకున్నా 65. "అన్ని ప్యాకెట్లూ రికార్డు చేస్తాం" అనేవాళ్లని ఎన్ని రోజులకి అని తప్పకుండా అడగండి.

అదే ఫ్లో అయితే? వెర్షన్ 5 రికార్డు ఒకటి 48 బైట్లు. సెకనుకు 100 రికార్డులు అనుకుంటే రోజుకి 415 మెగాబైట్లు, 180 రోజులకి 75 గిగాబైట్లు. వెర్షన్ 9లో కొంచెం ఎక్కువ అవుతుంది, అయినా ఒక మామూలు డిస్కు చాలు.

ఉచితంగా మొదలుపెట్టాలంటే పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ వేసి, ఫ్లో రికార్డులు దాచే ఎన్ఎఫ్‌డంప్ పెట్టండి. బొమ్మలుండవు, కమాండ్లే. బొమ్మలు కావాలంటే ఎన్‌టాప్‌ఎన్‌జీ బాగుంటుంది. కాకపోతే అది నెట్‌ఫ్లోని నేరుగా తీసుకోదు, మధ్యలో ఎన్‌ప్రోబ్ ఉండాలి, దానికి లైసెన్సు కట్టాలి. మిర్రర్ పోర్టు (స్విచ్‌లో పారే ట్రాఫిక్‌కి నకలు ఇచ్చే పోర్టు) నుంచి నేరుగా చదివించుకుంటే ఆ గొడవ లేదు. సురికాటాకి ఎమర్జింగ్ థ్రెట్స్ వారి ఓపెన్ రూల్స్ (దాడుల గుర్తులు) ఉచితం.

---

గాజువాక_కేబులింగ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

అందరూ సాఫ్ట్‌వేర్ గురించే మాట్లాడుతున్నారు, ఆయన స్విచ్‌లు తొమ్మిదీ మామూలువి అన్న మాట వదిలేశారు. మామూలు స్విచ్‌లో మిర్రర్ పోర్టు ఉండదు. ఒకే స్విచ్ మీదున్న రెండు కంప్యూటర్లు మాట్లాడుకుంటే అది రూటర్ దాకా రానే రాదు. పైన ఎస్ఓసీ బ్రదర్ చెప్పిన 445 తలుపు తట్టుడు ఇప్పుడున్న అమరికలో ఎవరికీ కనిపించదు!

నా సలహా, సాఫ్ట్‌వేర్‌కి అనుకున్న డబ్బులో సగం స్విచ్‌లకి పెట్టండి. మధ్యలో ఒక మంచి మేనేజ్డ్ స్విచ్, ప్యాకింగ్ లైను దగ్గర ఒకటి, సర్వర్ల దగ్గర ఒకటి. కెమెరాలు ఒక వీల్యాన్ (అవే స్విచ్‌ల మీద విడగొట్టిన వేరే నెట్‌వర్క్), కంట్రోలర్లు ఒకటి, ఆఫీసు ఒకటి. ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి వెళ్లాలంటే రూటర్ గుండా పోవాల్సిందే, అప్పుడు ఫ్లోలో పడుతుంది. ఢిల్లీ ఎయిమ్స్ మీద 2022 నవంబర్‌లో దాడి జరిగినప్పుడు, నెట్‌వర్క్‌ని సరిగ్గా విభజించకపోవడమే కారణమని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది.

ఇంకోటి. ఫ్లోని ఇంటర్నెట్ వైపు ఇంటర్‌ఫేస్ మీద తీస్తే అన్నీ ఒకే ఐపీ పేరుతో వస్తాయి, ఎవరిదో తెలీదు. లోపలి వైపు తీయండి. డీహెచ్‌సీపీ లాగ్ (ఏ మెషీన్‌కి ఏ ఐపీ ఇచ్చిందో రాసుకునేది) కూడా దాచండి. పోయిన మంగళవారం ఆ ఐపీ ఏ మెషీన్‌దో చెప్పేది అదొక్కటే.

---

లాగ్_పుస్తకం | మంగళవారం, సాయంత్రం 4:45

నేను విజయవాడలో ఐటీ ఆడిట్లు చేస్తాను. ఇక్కడ ఎవరూ ప్రస్తావించని సంగతి ఒకటి ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు మీ సంస్థకీ వర్తిస్తాయి. ఘటన తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకి తెలియజేయాలి. లాగ్‌లు 180 రోజులు దాచాలి. గడియారాలు ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో, లేదా వాటితో సరిచూసుకునే సర్వర్లతో కలవాలి.

గడియారం చిన్న విషయం అనుకోకండి. ఒక ఆడిట్‌లో ఫైర్‌వాల్ లాగ్ ఒక టైము, డీవీఆర్ (కెమెరా రికార్డర్) ఒక టైము, సర్వర్ ఇంకో టైము చూపించాయి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా డీవీఆర్ తేదీ వెనక్కి పోయేదట. మూడింటినీ కలిపి ఏది ముందు జరిగిందో చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. 6 గంటల గడువులో నాలుగు రోజులు ఎక్కడి నుంచి తెస్తారు?

కొటేషన్ ఇచ్చిన ముగ్గురినీ ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. లాగ్ 180 రోజులు నా దగ్గరే ఉంటుందా, మీ క్లౌడ్‌కి వెళ్తుందా? లైసెన్సు అయిపోయాక పాత లాగ్ తెరుచుకుంటుందా? డేటాని మామూలు ఫైలుగా బయటికి తీయొచ్చా? లైసెన్సు ముగియగానే పాత రిపోర్టులకి తాళం పడిన కేసు నేను చూశాను. అందుకే మరీ మరీ చెబుతున్నాను.

---

ప్లాంట్_ఐటీ_భీమవరం | బుధవారం, ఉదయం 11:00

మీరందరూ ఇంత ఓపిగ్గా రాస్తున్నందుకు ఏమని చెప్పాలో తెలియట్లేదండి. ముగ్గురికీ ఆ ప్రశ్నలు పంపాను. మేనేజ్‌ఇంజిన్ తరఫు ఆయన, పీఆర్‌టీజీ ఆయన జవాబిచ్చారు. ఏఐ పెట్టె ఆయన "డెమోలో చూపిస్తాం" అన్నారు. దాంతోపాటు ఒక మాట చెప్పారు: ఈ రోజుల్లో ట్రాఫిక్ అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, మా పెట్టె దాన్ని మధ్యలో విప్పి చూస్తుంది, మిగతావి అలా చెయ్యలేవు అని. ఇది నిజమేనా?

---

నెట్‌ఫ్లో_న్యూజెర్సీ | బుధవారం, రాత్రి 8:30

విప్పడం కుదిరే పనే. ప్రతి కంప్యూటర్‌లో ఆ పెట్టె సర్టిఫికెట్ వేసి, మధ్యలో అది నిలబడుతుంది. కానీ మీకు వద్దనే చెప్తాను. మీ స్టాఫ్ బ్యాంకు పాస్‌వర్డ్‌లు, ఆస్పత్రి రిపోర్టులు అన్నీ ఆ పెట్టెలో విడిపోయి కనిపిస్తాయి. దాన్ని ఎవరైనా పట్టుకుంటే మొత్తం పోయినట్టే. విప్పకుండానే చాలా తెలుస్తుంది. ఎక్కడికి వెళ్తోంది, ఎంత, ఎంత తరచుగా వెళ్తోంది అనేవి ఎన్‌క్రిప్షన్ దాచలేదు. ఒక మెషీన్ రాత్రీ పగలూ తేడా లేకుండా ప్రతి 60 సెకన్లకీ ఒకే అడ్రసుకి చిన్న పలకరింపు పంపుతోందంటే లోపల ఏం రాసి ఉందో చదవక్కర్లేదు, వెళ్లి ఆ మెషీన్ చూడాలి. డీఎన్ఎస్ లాగ్ కూడా పెట్టుకోండి. ఏ మెషీన్ ఏ వెబ్‌సైట్ పేరు అడిగిందో అందులో దొరుకుతుంది.

మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ గురించి నేను భయంతోనే ఒక మాట చెబుతున్నా. 2020 డిసెంబర్‌లో సోలార్‌విండ్స్ ఓరియన్ సంగతి బయటపడింది. అది మానిటరింగ్ సాఫ్ట్‌వేరే. దాని అప్‌డేట్‌లోనే దొంగ కోడ్ పెట్టారు, సుమారు 18,000 సంస్థలకి అది చేరింది. అన్ని పరికరాల తాళాలూ ఉండేది మానిటరింగ్ సర్వర్ దగ్గరే కదా. కాబట్టి మీరు ఏది కొన్నా ఆ సర్వర్‌ని విడిగా పెట్టండి. అప్‌డేట్‌లకి కావాల్సిన అడ్రసులకి తప్ప బయటికి దారి ఇవ్వకండి. ఎస్ఎన్ఎంపీ వెర్షన్ 3 వాడండి, "పబ్లిక్" అనే పాస్‌వర్డ్ వదిలెయ్యకండి.

---

లాగ్_పుస్తకం | బుధవారం, రాత్రి 9:10

న్యూజెర్సీ గారి మొదటి మాటకి నాది కూడా గట్టి మద్దతు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మన దగ్గరున్న వ్యక్తిగత డేటాని తగినట్టు కాపాడకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చు. అవసరం లేని డేటాని కావాలని పోగుచేసుకోవడం దేనికి? నెట్‌వర్క్‌ని గమనిస్తున్నామని ఉద్యోగులకి తెలుగులో ఒక కాగితం మీద రాసి చెప్పండి. ఏది చూస్తాం, ఏది చూడం అని.

---

ఓపెన్‌సోర్స్_వరంగల్ | బుధవారం, రాత్రి 10:20

విప్పడం వద్దన్నంత మాత్రాన ప్యాకెట్లే చూడొద్దని కాదు. సర్వర్ల స్విచ్‌కి మిర్రర్ పెట్టి సురికాటా, జీక్ రెండూ నడిపితే ఫ్లోలో దొరకనివి బోలెడు దొరుకుతాయి. ఉచితమే కదా!

---

ఎస్ఓసీ_నైట్‌షిఫ్ట్ | బుధవారం, రాత్రి 11:50

వరంగల్ అన్నా, సాఫ్ట్‌వేర్ ఉచితమే, మనిషి ఉచితం కాదు. భీమవరం అన్న ఒక్కడే ఉన్నడు. ప్రింటర్ కాడికెల్లి బయోమెట్రిక్ దాకా అన్నీ ఆయననే చూడాలె. సురికాటా రూల్స్ అన్నీ ఆన్ చేస్తే మొదటి రోజే వేల అలర్ట్‌లు. వారం చూస్తడు, తర్వాత చూసుడు మానేస్తడు. అమెరికాల 2013ల టార్గెట్ దుకాణాల నుంచి 4 కోట్ల కార్డుల వివరాలు వోయినయి. వాళ్లకాడ ఖరీదైన నిఘా పరికరం ఉండె, అది అలర్ట్ ఇచ్చింది కూడా. ఎవ్వరూ కదల్లే.

నేను రాత్రిళ్లు గదే పని చేస్త కాబట్టి చెప్తున్న. నాలుగైదు అలర్ట్‌లు చాలు, కానీ ప్రతి ఒక్కటి మోగినప్పుడు లేచి చూడాలె. ఒక మెషీన్ చాన మెషీన్ల 445 గానీ 3389 (దూరం నుంచి కంప్యూటర్ నడిపే పోర్టు) గానీ తట్టుడు. రాత్రిపూట మామూలు కన్నా ఎక్కువ బయటికి వోవుడు. కెమెరాల వీల్యాన్ నుంచి ఆఫీసు వీల్యాన్‌కు ఏదన్న పోవుడు. కొత్త మెషీన్ నెట్‌వర్క్ మీద కనవడుడు. గంతే. ఆర్నెల్లు గివి నడిపి, తర్వాత సురికాటా.

---

ఓపెన్‌సోర్స్_వరంగల్ | గురువారం, ఉదయం 7:55

ఒప్పుకుంటున్నా. మా దగ్గర ముగ్గురం ఉన్నాం, ఆ లెక్కలో మాట్లాడాను. ఒక్క మనిషికైతే ఫోన్ చేసి అడిగే దిక్కు ఉన్న సాఫ్ట్‌వేరే మేలు. చెన్నై వాళ్ల మేనేజ్‌ఇంజిన్ నెట్‌ఫ్లో అనలైజర్ 30 రోజులు ట్రయల్ ఇస్తారు, ధర ఇంటర్‌ఫేస్‌ల లెక్కన. మీకు ముఖ్యమైన ఇంటర్‌ఫేస్‌లు నాలుగో ఐదో ఉంటాయి కాబట్టి బిల్లు పెద్దగా పెరగదు. కొనకముందే మీ సొంత ట్రాఫిక్ మీద నడిపి చూడండి.

---

ప్లాంట్_ఐటీ_భీమవరం | నాలుగు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 5:30

ఇన్నాళ్లూ రాయలేకపోయాను, క్షమించాలి. చేసిన పనులు చెప్తాను.

ఏఐ పెట్టె వద్దనుకున్నాం. ఆ డబ్బులో మూడు మేనేజ్డ్ స్విచ్‌లు వచ్చాయి, గాజువాక వారు చెప్పినట్టే వీల్యాన్‌లు విడగొట్టాను. దానికి రెండు ఆదివారాలు పట్టింది, ప్లాంటు ఆగకూడదు కదా. నెట్‌ఫ్లో అనలైజర్ ట్రయల్ పెట్టాను. పక్కనే పాత డెస్క్‌టాప్‌లో ఎన్ఎఫ్‌డంప్ కూడా నడుస్తోంది, 180 రోజుల లాగ్‌కి అదే. లైసెన్సు ఉన్నా లేకపోయినా ఆ ఫైళ్లు నా చేతిలో ఉంటాయి. పీఆర్‌టీజీ ఉచితంగా వచ్చే 100 సెన్సర్లతో కోల్డ్ స్టోరేజీ లింకులకి పెట్టుకున్నాను.

మొదటి వారంలోనే మూడు దొరికాయి. ఒక డీవీఆర్ రోజూ రాత్రి ఒంటిగంట నుంచి బయటి సర్వర్‌కి గంటన్నర సేపు వీడియో పంపుతోంది. ఎవరో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు క్లౌడ్ ఆప్షన్ వదిలేశారు. రెండోది, కంట్రోలర్లు సర్వీసు చేసే వాళ్ల కోసం ఎప్పుడో రూటర్‌లో 3389 తెరిచారు, అది ఇప్పటికీ తెరిచే ఉంది, దాని మీద ఎక్కడెక్కడి నుంచో రోజంతా ప్రయత్నాలు. ఇది చూశాక ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మూసేసి, వాళ్లకి వీపీఎన్ ఇచ్చాను. మూడోది, అకౌంట్స్‌లో ఒక కంప్యూటర్ ప్రతి నిమిషం ఒక అడ్రసుకి పలకరిస్తోంది. భయపడ్డాను గానీ, అది ప్రింటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వెతుక్కోవడం.

రూటర్ సాఫ్ట్‌వేర్ కూడా ఏళ్ల నాటిది. అప్‌డేట్ చేసి, రూటర్ సెట్టింగులు మార్చే 8291 పోర్టుని బయటి వైపు మూశాను.

ఒక్కటి మిగిలింది. అలర్ట్ రాత్రి రెండున్నరకి వస్తే? నేను ఉండేది పాలకొల్లులో. వచ్చేసరికి ముప్పావుగంట.

---

ఎస్ఓసీ_నైట్‌షిఫ్ట్ | శనివారం, రాత్రి 10:15

శభాష్ అన్నా, మంచి పని చేసిన్రు. ఆ డీవీఆర్ దొరుకుడే పెద్ద విషయం. రాత్రి సంగతికి సాఫ్ట్‌వేర్‌ల జవాబు లేదు. ప్లాంటుల రాత్రి ఎవరుంటరు? వాళ్లల్ల ఒకరికి అధికారం ఇయ్యాలె, ఎవర్నీ అడగకుండ కనెక్షన్ తీసే అధికారం. ఎండీ గారు సంతకం పెట్టి ఇస్తెనే వాళ్లు ధైర్యంగ తీస్తరు. కాకపోతే ఆ కనెక్షన్ తీస్తే ఫ్రీజర్లు ఆగొద్దు. గది ముందు పరీక్ష చెయ్యండి.

---

ప్లాంట్_ఐటీ_భీమవరం | ఆదివారం, మధ్యాహ్నం 12:40

ఇవాళ పొద్దున చేశామండి. కంట్రోలర్లు వేరే స్విచ్ మీద ఉన్నాయి, అవి టెంపరేచర్‌ని తమంతట తామే చూసుకుంటాయి, నెట్ లేకపోయినా ఫ్రీజర్లు నడుస్తాయి. ఆఫీసు వైపు మెయిన్ కేబుల్ తీసి ఇరవై నిమిషాలు ఉంచాం, ప్యాకింగ్ ఆగలేదు. లేబుల్ ప్రింటింగ్ మాత్రం ఆగింది, దానికి చేత్తో రాసే పుస్తకం ఒకటి పెట్టాం. నైట్ షిఫ్ట్ సూపర్‌వైజర్ గారికి ఎండీ గారు కాగితం మీద రాసిచ్చారు. ఆయన కంప్యూటర్ మనిషి కాదు, అందుకని ఆ కేబుల్‌కి రెండు చివర్లా ఎర్ర టేపు చుట్టి, పక్కన గోడ మీద నా నంబరు రాయించాను.